రెండేళ్ల చదువు, ఒకే లైసెన్సు: అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో ఆరోగ్యశాస్త్రాలు

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే స్థానికుల పన్నులతోనూ రాష్ట్ర ప్రభుత్వ నిధులతోనూ నడిచే రెండేళ్ల కళాశాల. హైస్కూలు పూర్తిచేసిన వారెవరైనా, వయసుతో పనిలేకుండా, ఇందులో చేరవచ్చు. మార్కులు తక్కువని వెనక్కి పంపరు. హాస్టళ్లు అరుదు. చదివేవారిలో చాలామందికి ఆ ఊళ్లోనే ఇల్లు, ఉద్యోగం, చాలాసార్లు పిల్లలు కూడా ఉంటారు. ఇలాంటి కాలేజీలు దేశమంతటా సుమారు వెయ్యి ఉన్నాయి. వీటిలో రెండు రకాల చదువు పక్కపక్కనే సాగుతుంది. డిగ్రీలో మొదటి రెండేళ్లు ఇక్కడ చదివి, మిగతా రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి మారడం ఒకటి. నేరుగా ఒక వృత్తిలోకి వెళ్లడం రెండోది. ఈ రెండో దారిలో అన్నిటికంటే కష్టమైనదీ, సమాజానికి ఎక్కువగా అక్కరకొచ్చేదీ ఆరోగ్యశాస్త్రాల చదువు. నర్సులు, ఎక్స్‌రే టెక్నాలజిస్టులు, ఊపిరితిత్తుల చికిత్స చూసే రెస్పిరేటరీ థెరపిస్టులు, డెంటల్ హైజీనిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, పారామెడిక్కులు పెద్ద సంఖ్యలో ఈ కాలేజీల నుంచే వస్తున్నారు. సంపాదన మానుకుని చదువుకోలేని మనిషిని పూర్తి లైసెన్సు దాకా తీసుకెళ్లడం ఈ కాలేజీలు సాధించిన గొప్ప పని. ఆ దారి ఎలా ఏర్పడిందో, నడిచేవారికి అది ఎలా ఉంటుందో, ఎక్కడ ఇరుకవుతుందో వివరించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఇప్పటిదాకా ఆగకుండా నడుస్తున్న ప్రభుత్వ రెండేళ్ల కాలేజీల్లో అతి పాతది ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ జూనియర్ కాలేజీ. షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, జోలియెట్ హైస్కూలు అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి 1901లో దాన్ని మొదలుపెట్టారు. ఊళ్లోని పిల్లలు ఇంటి దగ్గరే ఉండి రెండేళ్ల కళాశాల చదువు చదవాలన్నది అప్పటి ఆలోచన. వృత్తివిద్య తర్వాత వచ్చింది. 1944లో యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికుల చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చే చట్టం వచ్చాక కాలేజీలు కిటకిటలాడాయి. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘం 1947 నాటి తన నివేదికలో కమ్యూనిటీ కాలేజీ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చింది. ప్రతి ప్రాంతానికీ అందుబాటులో ఒక కాలేజీ ఉండాలనీ, అందులో సాధారణ విద్యా వృత్తివిద్యా కలిసి ఉండాలనీ చెప్పింది.

అప్పటికి నర్సు చదువు చాలావరకు కాలేజీల్లో కాక ఆసుపత్రుల చేతిలో ఉంది. పెద్ద ఆసుపత్రులు సొంతంగా మూడేళ్ల నర్సింగ్ స్కూళ్లు నడిపేవి. అమ్మాయిలు అక్కడే ఉండి, అక్కడే తిని, పగలూ రాత్రీ వార్డుల్లో డ్యూటీలు చేసేవారు. వాళ్లను పిలవడం విద్యార్థినులనే, చేయించుకోవడం మాత్రం కూలి లేని పని. ఈ రోజు ఏ పాఠం నేర్పాలన్నది వార్డులో ఎంతమంది సిబ్బంది తక్కువగా ఉన్నారన్న దాన్నిబట్టి తేలేది. చాలా స్కూళ్లు పెళ్లయిన వారిని చేర్చుకునేవి కావు. మగవారికి, నల్లజాతి వారికి ఎక్కువ చోట్ల తలుపులు మూసే ఉండేవి. 1948లో ఎస్తర్ లూసిల్ బ్రౌన్ రాసిన నివేదిక ఈ పద్ధతిని గట్టిగా విమర్శించింది. నర్సు చదువు ఆసుపత్రి చేతిలోంచి విద్యాసంస్థల చేతిలోకి రావాలని ఆమె వాదించారు. యుద్ధం తర్వాత ఆసుపత్రులు పెరుగుతున్నాయి, నర్సులు చాలడం లేదు, ఉన్న పద్ధతిలో కొత్తవాళ్లు త్వరగా తయారు కారు.

ఈ చిక్కుముడికి ఒక దారి చూపినవారు మిల్డ్రెడ్ మోంటాగ్. అయోవా రాష్ట్రంలో 1908లో పుట్టిన ఈ నర్సు అధ్యాపకురాలు కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో చేసిన డాక్టరేట్ పరిశోధన 1951లో పుస్తకంగా వచ్చింది. నర్సు చేసే పనులన్నీ ఒకే స్థాయివి కావన్నది అందులోని మూల వాదన. ఒక చివర సహాయకులు చేయగల తేలిక పనులున్నాయి. ఇంకో చివర లోతైన శాస్త్రజ్ఞానం, స్వతంత్ర నిర్ణయం అవసరమైన పనులున్నాయి. మధ్యలో ఉన్న విశాలమైన భాగానికి నైపుణ్యమూ కావాలి, కొంత శాస్త్రమూ కావాలి, కానీ నాలుగేళ్ల డిగ్రీ అక్కర్లేదు. ఆ మధ్య భాగం కోసం కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లలో ఒకరిని తయారుచేయవచ్చని మోంటాగ్ ప్రతిపాదించారు. ఆ మనిషికి నర్సింగ్ టెక్నీషియన్ అని పేరు పెట్టారు.

1952లో పేరు బయటపెట్టని ఒక దాత ఇచ్చిన సొమ్ముతో అయిదేళ్ల ప్రయోగం మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరెంజ్ కౌంటీ, మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్, కాలిఫోర్నియాలోని పాసడీనా, యూటాలోని వీబర్ కాలేజీలు అందులో చేరినవాటిలో కొన్ని. ప్రయోగంలో అసలు విషయం కాలం తగ్గించడం కాదు, అధికారం మార్చడం. పాఠ్యక్రమం కాలేజీది, జీతమిచ్చే అధ్యాపకులు కాలేజీవారు, ఆసుపత్రి వార్డు ఒక ప్రయోగశాల. విద్యార్థిని అక్కడికి వెళ్లేది నేర్చుకోవడానికే. సిబ్బంది కొరత పూడ్చడం ఆమె బాధ్యత కాదు. వార్డు పనుల్లో పోయే కాలం మిగిలింది కాబట్టి మూడేళ్ల చదువు రెండేళ్లలో ఇమిడింది. ఈ ఒక్క మార్పుతో నర్సు చదువు స్వభావమే మారిపోయింది. ఇంట్లో పిల్లలున్న తల్లులు, ముప్పై దాటిన వారు, మగవారు చేరడం మొదలుపెట్టారు, ఎందుకంటే ఇక ఎవరూ ఆసుపత్రి క్వార్టర్లలో ఉండనక్కర్లేదు.

1959లో మోంటాగ్ ప్రచురించిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. రెండేళ్లు చదివినవారు రాష్ట్ర లైసెన్సు పరీక్షల్లో నిలదొక్కుకున్నారు. వార్డుల్లో వారి పని మిగతావారికి తీసిపోలేదని హెడ్ నర్సులు చెప్పారు. కానీ మోంటాగ్ ఊహించిన రూపం మాత్రం నిలవలేదు. ఆమె కోరింది వేరే స్థాయి, వేరే బాధ్యతలు ఉన్న టెక్నీషియన్. లైసెన్సు ఇచ్చే రాష్ట్ర బోర్డుల దగ్గర అలాంటి స్థాయి ఏదీ లేదు, రిజిస్టర్డ్ నర్సు పరీక్ష ఉంది. రెండేళ్ల విద్యార్థులు ఆ పరీక్షే రాశారు, నెగ్గారు, రిజిస్టర్డ్ నర్సులయ్యారు. అలా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, మూడేళ్ల ఆసుపత్రి డిప్లొమా, నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ మూడూ ఒకే లైసెన్సు దగ్గర కలిశాయి. సిద్ధాంతపరంగా ఇది పొందిక లేని ఏర్పాటు. మనుషుల జీవితాల వైపు నుంచి చూస్తే మాత్రం, అమెరికా ఉన్నతవిద్యలో ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు మరొకటి కనబడదు. తండ్రి సంపాదన ఎంతో, ఏ కాలేజీకి వెళ్లగలిగారో లైసెన్సు మీద రాసి ఉండదు.

ఇప్పుడు ఈ చదువు నడిచే తీరు. పేరుకు రెండేళ్లు, నిజానికి మూడేళ్లు, ఉద్యోగం చేస్తూ చదివేవారికి నాలుగైదు. నర్సింగ్ తరగతిలో అడుగు పెట్టడానికి ముందు కొన్ని పాఠాలు పూర్తిచేయాలి. శరీర నిర్మాణం, శరీరధర్మం కలిపి రెండు సెమిస్టర్లు, సూక్ష్మజీవశాస్త్రం ఒక సెమిస్టరు, ఇంగ్లిష్ రచన, మనస్తత్వశాస్త్రం, చాలా చోట్ల గణాంకశాస్త్రం. హైస్కూలు వదిలి పదేళ్లయిన మనిషి, పగలంతా కిరాణా దుకాణంలో నిలబడి, సాయంత్రం ఆరింటికి ల్యాబ్‌లో కూర్చుని 206 ఎముకల పేర్లూ, వాటి మీది గుంటలూ గట్లూ గుర్తుపెట్టుకోవాలి. రెండో సెమిస్టరులో గుండె, మూత్రపిండాలు, హార్మోన్లు వస్తాయి. అక్కడ బట్టీ పనిచేయదు. రక్తపోటు పడిపోతే మూత్రపిండం ఏం పసిగడుతుంది, ఏ రసాయనం వదులుతుంది, అది రక్తనాళాలను ఎలా బిగిస్తుంది, ఒంట్లో ఉప్పునూ నీటినీ ఎలా నిలుపుతుంది అన్న వరుస తల్లకిందులుగా అడిగినా చెప్పగలగాలి. రెండేళ్ల తర్వాత వార్డులో బి.పి. మాత్ర చేతికిచ్చేటప్పుడు పనికొచ్చేది ఆ వరుసే. ఆరోగ్యశాస్త్రాలు చదవాలని వచ్చి దారి మార్చుకునేవారు ఎక్కువగా ఆగిపోయేది ఈ రెండు సెమిస్టర్లలోనే.

ఈ పాఠాల్లో మంచి గ్రేడులు, వాటితో పాటు టీస్ లేదా హెసీ అనే ప్రవేశపరీక్ష మార్కులు తీసుకుని నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టాలి. సీటు వచ్చాక నాలుగు సెమిస్టర్లు. మొదటిది మౌలిక నైపుణ్యాలకు. చేతులు కడుక్కోవడం, రోగిని పక్కకు తిప్పడం, నాడి, బి.పి. చూడడం, సూక్ష్మజీవులు సోకకుండా గ్లవ్స్ వేసుకోవడం, మూత్రనాళంలో గొట్టం పెట్టడం. ఇవి బొమ్మల మీద నేర్చి, అధ్యాపకురాలి ముందు చేసి చూపాలి. శుభ్రమైన చేయి శుభ్రం కాని వస్తువును తాకితే పరీక్ష అక్కడే ఆగిపోతుంది. తర్వాతి సెమిస్టర్లలో పెద్దల వ్యాధులు, శస్త్రచికిత్సలు, కాన్పులు, పిల్లల జబ్బులు, మానసిక ఆరోగ్యం వస్తాయి. చివరి సెమిస్టరులో ఒకేసారి అనేకమంది రోగులను చూసుకోవడం, ఎవరి దగ్గరకు ముందు వెళ్లాలో తేల్చుకోవడం.

మందు మోతాదు లెక్కల గురించి విడిగా చెప్పాలి. చాలా కాలేజీల్లో ఈ పరీక్షలో తొంభై శాతం వస్తే గానీ పాస్ కారు, కొన్ని చోట్ల నూరు శాతం రావాలి. లెక్కలు అయిదో తరగతి స్థాయివే అనిపిస్తాయి. పన్నెండు కిలోల బిడ్డకు జ్వరం మందు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వమన్నారు, అంటే 180 మిల్లీగ్రాములు. సిరప్ సీసా మీద 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములని ఉంది. పోయవలసింది సుమారు 5.6 మిల్లీలీటర్లు. వెయ్యి మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే గంటకు 125. మిల్లీలీటరుకు 15 చుక్కలు పడే గొట్టమైతే నిమిషానికి 31 చుక్కలు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పది రెట్లవుతుంది. అందుకే సున్నా, బిందువు, అయిదు అని రాయాలని, ఊరికే బిందువు పెట్టి అయిదు రాయకూడదని, అయిదు తర్వాత బిందువూ సున్నా ఎప్పుడూ చేర్చకూడదని మొదటి వారంలోనే నూరిపోస్తారు. లెక్కలంటే భయపడి చదువు మానేసిన ఎందరో స్త్రీలు ఇక్కడ ఆ భయాన్ని దాటుతారు. కమ్యూనిటీ కాలేజీ అధ్యాపకుల ఓపిక నిజమైన పని చేసేది ఇక్కడే.

ఆసుపత్రిలో గడిపే గంటలను విద్యార్థులు క్లినికల్స్ అంటారు. తెల్లవారకముందే యూనిఫారంలో వార్డుకు చేరాలి. రాత్రి డ్యూటీ నర్సు చెప్పే వివరాలు వినాలి. ఒక్కో బోధకురాలి కింద సాధారణంగా ఎనిమిది నుంచి పది మంది ఉంటారు. అంతకుముందు సాయంత్రమే తనకు కేటాయించిన రోగి జబ్బు, వాడుతున్న మందులు, రక్తపరీక్షల ఫలితాలు చదివి, ఏం గమనించాలో, ఏది ప్రమాదమో, ఏం చేస్తే ఎంతవరకు మెరుగు ఆశించాలో కాగితం మీద పెట్టుకుని రావాలి. మందు ఇచ్చే ముందు బోధకురాలు పక్కన నిలబడి అడుగుతుంది: ఈ మందు ఎందుకు, ఇప్పుడు నాడి ఎంత, ఎంతకంటే తగ్గితే ఇవ్వకూడదు? జవాబు తడబడితే ఆ రోజు మందు విద్యార్థిని చేతి మీదుగా వెళ్లదు. డ్యూటీ ముగిశాక అందరూ ఒక గదిలో చేరి ఆ రోజు చూసినవి చెప్పుకుంటారు. మొదటిసారి మరణాన్ని దగ్గరగా చూసిన విద్యార్థిని ఆ గదిలోనే మాట్లాడుతుంది. చదువులో ఈ భాగాన్ని ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

ఆసుపత్రుల్లో చోటు దొరకక, ఇటీవల మరబొమ్మల మీద కృత్రిమ పరిస్థితులు కల్పించి నేర్పడం పెరిగింది. ఆ బొమ్మకు గుండె చప్పుడు ఉంటుంది, ఊపిరి ఆడుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, పక్కగదిలో కూర్చున్న అధ్యాపకురాలు దాని గొంతుతో నొప్పి అని మూలుగుతుంది. అమెరికా రాష్ట్ర నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పది కాలేజీల్లో చేయించి 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కీలకమైనది. ఆసుపత్రి గంటల్లో సగం దాకా ఇలాంటి శిక్షణతో నింపినా, శిక్షణ నాణ్యంగా ఉంటే, జ్ఞానంలో గానీ లైసెన్సు పరీక్ష ఫలితాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదని అది తేల్చింది. 2020 వసంతంలో కోవిడ్ వల్ల ఆసుపత్రులు విద్యార్థులను లోపలికి రానివ్వనప్పుడు, అనేక బోర్డులు నిబంధనలు సడలించగలగడానికి ఈ ఆధారం పనికొచ్చింది.

చదువు పూర్తయ్యాక జాతీయ లైసెన్సు పరీక్ష, అందరూ ఎన్‌క్లెక్స్ అనేది. 1994 నుంచి అది కంప్యూటరు మీద జరుగుతోంది. ప్రతి జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, సమయం అయిదు గంటలు. అభ్యర్థి సామర్థ్యం ఉత్తీర్ణతా రేఖకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నమ్మకంతో తేలగానే యంత్రం ఆపేస్తుంది. 2023 ఏప్రిల్‌లో పరీక్ష రూపం మారింది. ఒక రోగి కేసు ఇచ్చి, అందులో ఏ లక్షణాలు ముఖ్యమో, ఏం అనుమానించాలో, ముందు ఏం చేయాలో వరుసగా అడిగే ప్రశ్నలు చేరాయి. కాలేజీల మంచిచెడ్డలు కూడా ఈ పరీక్షతోనే తేలతాయి. మొదటి ప్రయత్నంలో టెక్సస్‌లో 80 శాతం, కాలిఫోర్నియాలో 75 శాతం మంది నెగ్గకపోతే కాలేజీ రాష్ట్ర నర్సింగ్ బోర్డుకు సంజాయిషీ చెప్పుకోవాలి. ప్రతి కాలేజీ ఫలితాలు బోర్డులు బహిరంగంగా ప్రకటిస్తాయి. చేరాలనుకునేవారు కాలేజీ ప్రకటనలకంటే ముందు చూడవలసినవి ఆ అంకెలే.

నర్సింగ్ ఒక్కటే కాదు. ఎక్స్‌రే తీసే రేడియోగ్రఫీ వృత్తిలో జాతీయ రిజిస్ట్రీ 2015 నుంచి కనీసం అసోసియేట్ డిగ్రీ ఉండాలని నియమం పెట్టింది, దాంతో ఆ రంగానికి కమ్యూనిటీ కాలేజీలే పెద్ద దిక్కయ్యాయి. దంతాల శుభ్రతను వృత్తిగా మలిచినది కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోన్స్. 1913లో ఆయన పెట్టిన స్కూలు ప్రపంచంలో మొదటిది. ఇప్పుడు ఆ చదువు నడిపే కమ్యూనిటీ కాలేజీల్లో చాలావాటికి సొంత క్లినిక్ ఉంటుంది. బీమా లేని పట్టణవాసులు తక్కువ ఖర్చుతో అక్కడ పళ్లు శుభ్రం చేయించుకుంటారు, విద్యార్థులకు చేయి తిరుగుతుంది. రెస్పిరేటరీ థెరపిస్టులంటే ఎవరో బయటి ప్రపంచానికి తెలిసింది కోవిడ్ కాలంలోనే. వెంటిలేటరు అమర్చి, రక్తంలోని ఆక్సిజన్ చూస్తూ గంటగంటకూ దాన్ని సరిదిద్దినవారు వారే, వారిలో ఎక్కువమంది చదివింది రెండేళ్ల కాలేజీల్లోనే.

డిగ్రీ కంటే చిన్న మెట్లు కూడా ఇదే ఆవరణలో ఉన్నాయి. వృద్ధాశ్రమాల్లో పనిచేసే నర్సింగ్ సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని 1987 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. కొన్ని వారాల్లో అది పూర్తిచేసి ఉద్యోగంలో చేరినవారు ఏడాది చదివి ప్రాక్టికల్ నర్సు కావచ్చు, తర్వాత మధ్యలో చేరే ప్రత్యేక తరగతితో రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి సంపాదించుకుని, కూడబెట్టుకుని, మళ్లీ చదువుకు రావచ్చు. పేదకుటుంబానికి ఈ ఆగే వీలు ఎంతో విలువైనది.

ఖర్చు విషయానికొస్తే, 2024-25లో కమ్యూనిటీ కాలేజీ వార్షిక ఫీజు స్థానికులకు సగటున 4,050 డాలర్లు. ప్రభుత్వ నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో అదే రాష్ట్రం వారికి 11,610 డాలర్లు. తక్కువ ఆదాయం ఉన్నవారికి కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంటు ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు, అంటే ఫీజు పోను కొంత మిగులుతుంది. టెనెసీ రాష్ట్రం 2015లో హైస్కూలు ముగించినవారితో మొదలుపెట్టి రెండేళ్ల ఫీజును తానే భరిస్తోంది. ఫీజు కాక యూనిఫారాలు, పుస్తకాలు, టీకాలు, నేరచరిత్ర తనిఖీ, క్లినికల్స్‌కు వెళ్లిరావడానికి కారు, ఆ గంటల్లో బిడ్డను చూసుకునే మనిషి కావాలి. చాలామందిని వెనక్కి లాగేవి ఈ కనబడని ఖర్చులే. చదువు చివర ఉన్న ప్రతిఫలం మాత్రం నిజమైనది. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు.

అసలు ఇరుకు సీట్ల దగ్గర. కాలేజీలో అందరికీ ప్రవేశం ఉంది, నర్సింగ్ తరగతిలో లేదు. బయటి గేటు బార్లా తెరిచి, లోపలి గది గుమ్మం ఇరుకుగా కట్టినట్టుంటుంది. అర్హతలన్నీ ఉన్నవారు వందల్లో దరఖాస్తు పెడితే సీట్లు కొన్ని పదులే. కొన్ని కాలేజీలు గ్రేడులకు పాయింట్లు వేస్తాయి, కొన్ని వెయిటింగ్ లిస్టు పెడతాయి, కొన్ని లాటరీ తీస్తాయి. దీనికి కారణాలు రెండు. నర్సింగ్ బోధించాలంటే చాలా చోట్ల మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. ఆ డిగ్రీ ఉన్న నర్సుకు ఆసుపత్రిలో వచ్చే జీతం కాలేజీ ఇవ్వలేదు. రెండోది ఆసుపత్రి వార్డుల్లో చోటు. ఒకే ఆసుపత్రిలో కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులు, విశ్వవిద్యాలయం విద్యార్థులు, ప్రైవేటు కాలేజీల విద్యార్థులు పోటీ పడతారు. ఎదురుచూసేలోపు ఇంకో నష్టం కూడా ఉంది. సైన్సు పాఠాల గ్రేడులు చాలా చోట్ల అయిదు నుంచి ఏడేళ్ల వరకే చెల్లుతాయి, ఆ గడువు దాటితే శరీరశాస్త్రం మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఎవరినైనా రమ్మని పిలిచి, రెండేళ్లు ప్రాథమిక పాఠాలు చెప్పి, సీటు లేదనడం అన్యాయం. ఎంతమందికి సీటు వస్తుందో మొదటి సెమిస్టరులోనే నిజం చెప్పే కాలేజీలు, డబ్బులు మిగలకపోయినా, విద్యార్థుల కాలం మిగులుస్తాయి.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ కాలేజీలు కొత్త కాదు. భర్త లేదా భార్య ఉద్యోగ వీసా మీద వచ్చిన హెచ్-4 వారు ప్రత్యేక విద్యార్థి వీసా లేకుండానే చదువుకోవచ్చు. వారికి పెల్ గ్రాంటు రాదు. చదువుకోవడానికి అనుమతి ఉన్నా ఉద్యోగం చేయడానికి వేరే అనుమతి కావాలి కాబట్టి, రెండేళ్ల చదువు మొదలుపెట్టే ముందే ఆ లెక్క చూసుకోవాలి. హైదరాబాదులోనో విశాఖలోనో సూక్ష్మజీవశాస్త్రం, ఫార్మసీ చదివి వచ్చినవారు తమ మార్కుల జాబితాలను మదింపు సంస్థలతో తూకం వేయించుకుంటారు. ఇంగ్లిష్, మనస్తత్వశాస్త్రం వంటివి కొన్నిసార్లు మినహాయిస్తారు, పాతబడిన శరీరశాస్త్రం మళ్లీ చదవాల్సి వస్తుంది. మన దగ్గరే నర్సింగ్ పూర్తిచేసినవారికి వేరే దారి ఉంది. వారు సాధారణంగా తిరిగి కాలేజీలో చేరనక్కర్లేదు. పత్రాల పరిశీలన పూర్తయ్యాక ఎన్‌క్లెక్స్ రాయవచ్చు, హైదరాబాదులోనే ఆ పరీక్ష కేంద్రం ఉంది. మన జి.ఎన్.ఎం. డిప్లొమాకూ నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్‌కూ మధ్య ఉన్న బంధం కూడా ఇలాంటిదే. రెంటిలో ఏది చదివినవారైనా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదవుతారు, డిప్లొమా వారు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేయవచ్చు. మన దగ్గర లేనిది అందరూ రాసే ఒకే లైసెన్సు పరీక్ష. అది లేనప్పుడు కాలేజీ పేరే కొలబద్ద అవుతుంది.

అమెరికాలో వాదన అంతా రెండేళ్లు చాలునా అన్నదాని చుట్టూ తిరుగుతోంది. వృత్తి నర్సుకు బ్యాచిలర్ డిగ్రీ ఉండాలని అమెరికన్ నర్సుల సంఘం 1965లోనే ప్రకటించింది. నార్త్ డకోటా 1987లో ఆ నియమం అమలుచేసి, 2003లో ఎత్తివేసింది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన వాదనకు కొత్త బలమిచ్చింది. బ్యాచిలర్ డిగ్రీ ఉన్న నర్సుల వాటా పది శాతం పెరిగితే శస్త్రచికిత్స రోగుల మరణావకాశం అయిదు శాతం తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. దేశంలో 80 శాతం నర్సులకు 2020 నాటికి ఆ డిగ్రీ ఉండాలని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో సిఫారసు చేసింది. లైసెన్సు పొందిన పదేళ్లలోపు బ్యాచిలర్ డిగ్రీ తెచ్చుకోవాలని న్యూయార్క్ 2017లో చట్టం చేసింది. పెద్ద నగరాల ఆసుపత్రులు చాలావరకు కొత్తగా తీసుకునేటప్పుడు నాలుగేళ్ల వారినే ముందు చూస్తున్నాయి. ఐకెన్ అధ్యయనాన్ని కొట్టిపారేయడం తప్పు. దాన్ని చూపించి రెండేళ్ల దారిని మూసేయడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే ఆ దారి మూస్తే ఆగిపోయేది మారుమూల కౌంటీల, పేద బస్తీల విద్యార్థులు, రేపు ఆ కౌంటీల ఆసుపత్రుల్లోనే పనిచేసేవారు.

రాష్ట్రాలు వేర్వేరు పరిష్కారాలు వెతికాయి. ఫ్లోరిడా 2001 నుంచి కమ్యూనిటీ కాలేజీలకే బ్యాచిలర్ డిగ్రీలిచ్చే అధికారమివ్వడం మొదలుపెట్టింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ కాలేజీ ఆ వరుసలో మొదటిది. కాలిఫోర్నియాలో పది కమ్యూనిటీ కాలేజీ జిల్లాల్లో ప్రయోగాత్మకంగా నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ పెట్టాలన్న బిల్లును శాసనసభ ఆమోదించినా, 2024లో గవర్నరు తిరస్కరించారు. ఆరెగన్ రాష్ట్రం మరో పద్ధతి ఎంచుకుంది. అక్కడి ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయం, అనేక కమ్యూనిటీ కాలేజీలు కలిసి ఒకే పాఠ్యక్రమం తయారుచేసుకుని 2006లో మొదటి విద్యార్థులను చేర్చుకున్నాయి. విద్యార్థిని తన ఊరి కాలేజీలోనే చదువుతుంది, అసోసియేట్ డిగ్రీతో ఎన్‌క్లెక్స్ రాసి ఉద్యోగంలో చేరవచ్చు, లేదా మళ్లీ దరఖాస్తు, మళ్లీ ప్రవేశపరీక్ష లేకుండా అదే వరుసలో విశ్వవిద్యాలయం పాఠాలకు కొనసాగి బ్యాచిలర్ డిగ్రీ తీసుకోవచ్చు. ఇతర రాష్ట్రాల్లో కూడా రెండేళ్ల చదువులో ఉండగానే విశ్వవిద్యాలయంలో నమోదై, అక్కడి పాఠాలు కొన్ని చదివే ఉమ్మడి పద్ధతులు నడుస్తున్నాయి. అలాంటి చోట్ల లైసెన్సుకూ బ్యాచిలర్ డిగ్రీకీ మధ్య వ్యవధి బాగా తగ్గుతుంది, ఫీజులో పెద్ద భాగం కమ్యూనిటీ కాలేజీ రేటులోనే ముగుస్తుంది.